చీమల్ని చూసినందుకు దెబ్బలు తిన్న కుర్రాడు

రెండు వందల ఏళ్ల కిందట అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్నంలో ఒక పిల్లవాడి లాగు ఎప్పుడూ మోకాళ్ల దగ్గరే చిరిగేది. చెట్టు మీంచి జారిపడి కాదు, తోటివాళ్లతో కొట్లాడి కాదు. కంకర పరిచిన దారి మీద మోకాళ్లూని కూర్చుని గంటల తరబడి చీమల బారుల్ని చూసేవాడు. రొట్టె తునకలు దారిలో వేసి, అవి ఎలా మోసుకుపోతాయో గమనించేవాడు. బట్టలు పాడుచేస్తున్నాడని ఒకసారి గట్టిగానే దెబ్బలు పడ్డాయి.

బడిలో ఇంకా ఎక్కువే జరిగింది. కాగితం మడిచి చిన్న చిన్న బోన్లు చేసి వాటిలో ఈగల్ని, పురుగుల్ని పెట్టుకునేవాడు. అది పంతులుగారి కంట పడింది. ఆయన బోన్లు నలిపేసి, ఈగల్ని వదిలేసి, పిల్లవాణ్ని చీకటి గదిలో పెట్టి తలుపు వేశారు. వాడు ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయాడు. ముసలితనంలో తన బాల్యం గురించి చెప్పుకున్నప్పుడు కూడా ఆయన ఈ సంగతి మరిచిపోలేదు.

ఆ పిల్లవాడు లొరెంజో లాంగ్‌స్ట్రాత్. 1810 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున పుట్టాడు. ఇవాళ ఏ దేశంలోనైనా ఒక చెక్కపెట్టె మూత తీసి, తేనెపట్టు ఉన్న చట్రాన్ని పుస్తకాల బీరువాలోంచి పుస్తకం తీసినట్టు పైకి తీస్తున్నారంటే అది ఆయన చలవే. పెరట్లోనో బడి తోటలోనో సరదాగా ఒకటి రెండు పెట్టెలతో తేనెటీగలు పెంచి చూద్దామని అడిగే టీచర్లు, తల్లిదండ్రులు ఈమధ్య కనిపిస్తున్నారు. పెట్టె ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది అన్న ప్రశ్నలకంటే ముందు ఈ మనిషి ఎలా మొదలుపెట్టాడో తెలిస్తే మంచిదనిపించి రాస్తున్నాను.

నిజానికి ఆయన చాలా ఆలస్యంగా మొదలుపెట్టాడు. యేల్ కాలేజీలో చదివి 1831లో పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత అక్కడే కొన్నాళ్లు లెక్కలు చెప్పాడు. ఆ కాలేజీ రోజుల్లో పురుగుల మీద ఆసక్తి మచ్చుకైనా లేదని ఆయనే ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు చీమల కోసం దెబ్బలు తిన్నవాడికి, అంత పెద్ద చదువు చదివే రోజుల్లో ఒక్క చీమా కంటపడలేదు. దీనికి ఆ చీకటి గది ఎంతవరకు కారణమో లెక్కకట్టలేం. నాకైతే కొంత కారణమనే అనిపిస్తుంది.

1836లో ఆయన మసాచుసెట్స్‌లోని ఆండోవర్ ఊళ్లో చర్చి పాస్టరు అయ్యాడు. అదే ఏడాది అన్నా టక్కర్‌తో పెళ్లయింది. 1838లో ఒకరోజు స్నేహితుడి ఇంటికి వెళితే, ముందుగదిలో బల్ల మీద ఒక పెద్ద గాజుపాత్ర కనిపించింది. దాని నిండా మైనపు అరలు, అరల నిండా తేనె. అది ఎలా వచ్చిందని అడిగితే స్నేహితుడు ఆయన్ని అటకమీది గదికి తీసుకెళ్లి తేనెటీగల్ని చూపించాడు. ఇరవై ఏళ్లుగా నిద్రపోతున్నదేదో ఒక్కసారిగా లేచినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు రెండు తేనెటీగల పెట్టెలు కొని వెంట తీసుకెళ్లాడు.

అప్పటికి ఆయనకు తేనెటీగల గురించి తెలిసిందల్లా కాలేజీలో చదువుకున్న లాటిన్ కవి వర్జిల్ కావ్యంలో ఉన్నదే. అది రెండు వేల ఏళ్ల నాటి పరిజ్ఞానం. ఈగల్ని నడిపేది ఆడది కాదు, రాజు అని నమ్మిన కాలం నాటిది. కొన్న పెట్టెలూ అంతంతమాత్రమే. ఆ రోజుల్లో పెట్టె అంటే నాలుగు పలకలు కలిపి మేకులు కొట్టిన డబ్బా. ఈగలు తమకి తోచినట్టు లోపల పట్లు కట్టుకుని, వాటిని గోడలకి, పైకప్పుకి అతికించేసేవి. లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. తేనె కావాలంటే చాలామంది గంధకం పొగ పెట్టి ఈగలన్నిటినీ చంపి, పట్టు కోసుకునేవారు. మన ఊళ్లలో చెట్టు మీది పట్టుకి రాత్రిపూట కాగడా పెట్టి, పిల్ల ఈగలతో సహా గుడ్డలో వేసి పిండేయడం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

పాస్టరు ఉద్యోగం ఎక్కువ కాలం సాగలేదు. ఆయనకి ఒక జబ్బు ఉంది. నెలల తరబడి మనసంతా చీకటి కమ్మేసేది. ప్రసంగం చేయలేడు, ఉత్తరం రాయలేడు, మనుషుల్ని కలవలేడు. అప్పట్లో దానికి సరైన పేరూ లేదు, మందూ లేదు. ఇవాళ మనం డిప్రెషన్ అంటున్నది అదేననుకోవాలి. చర్చి వదిలి ఆడపిల్లల బడుల్లో హెడ్మాస్టరుగా పనిచేశాడు. ఆండోవర్‌లో కొన్నాళ్లు, గ్రీన్‌ఫీల్డ్‌లో కొన్నేళ్లు. మళ్లీ పాస్టరయ్యాడు, మళ్లీ మానేశాడు. 1848లో ఫిలడెల్ఫియా తిరిగొచ్చి సొంతంగా ఆడపిల్లల బడి పెట్టాడు. ఈ తిరుగుళ్లన్నిటిలోనూ వదలకుండా వెంట ఉన్నవి తేనెటీగలు. ఎండలో, ఆరుబయట, చేతులతో చేసే పని కాబట్టి ఒంటికి మంచిదని మరీ పట్టుకున్నాడు. తేనె అమ్మి బతుకుదామని కాదు, మనసు కుదుటపడుతుందని. ఇప్పటి మాటల్లో అది హాబీయే.

చేతికొచ్చిన పుస్తకాల్లో ఒకటి ఆయన దారి మార్చింది. దాన్ని రాసినవాడు స్విట్జర్లాండ్‌లోని జెనీవాకి చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్. హ్యూబర్‌కి కళ్లు కనిపించవు. కుర్రవయసులోనే చూపు పోయింది. అయినా బుర్నెన్స్ అనే సేవకుడి కళ్లతో తేనెటీగల్ని ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఏం చూడాలో ఈయన చెప్పేవాడు, ఏం చూశాడో అతను చెప్పేవాడు. ఆ పరిశీలనలు 1792లో ఫ్రెంచిలో పుస్తకంగా వచ్చాయి. తర్వాత ఇంగ్లిషులోకీ వెళ్లాయి. హ్యూబర్ ఒక పెట్టె కూడా తయారు చేయించాడు. దానిలో చట్రాలు పుస్తకం పేజీల్లా తెరుచుకుంటాయి. చూడటానికి బాగానే ఉంటుంది కానీ, మూసేటప్పుడు మధ్యలో ఈగలు నలిగి చస్తాయి. లాంగ్‌స్ట్రాత్ దాన్ని కూడా చేయించి చూశాడు. ఈగల్ని ఇబ్బంది పెట్టకుండా పట్టుని బయటికి తీయగలిగే పెట్టె ఒకటి ఉండాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

ఇక ఆయన కనిపెట్టింది ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి. పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి సైన్సు పాఠం నాకు తెలియదు.

తేనెటీగలకి పెట్టెలో సందులంటే గిట్టదు. ఈగ దూరలేనంత సన్నని సందు కనిపిస్తే చెట్ల నుంచి తెచ్చిన జిగురుతో పూడ్చేస్తాయి. సందు మరీ వెడల్పుగా ఉంటే దండగ ఎందుకన్నట్టు అందులో ఇంకో పట్టు కడతాయి. అప్పట్లో లాంగ్‌స్ట్రాత్ వాడుతున్న పెట్టెలో పైన వరసగా కర్రబద్దలు ఉండేవి, ఒక్కో బద్దకి ఒక్కో పట్టు వేలాడేది. వాటి మీద మూత. ఆ మూతని ఈగలు బద్దలకి జిగురుతో అంటించేసేవి. ప్రతిసారీ పెకలించాల్సి వచ్చేది, ఆ అదురుకి ఈగలు రెచ్చిపోయేవి. దాంతో ఆయన బద్దల్ని కొంచెం కిందికి దించి, మూతకీ బద్దలకీ మధ్య అంగుళంలో మూడు ఎనిమిదో వంతు ఖాళీ వదిలాడు. ఆ ఖాళీని ఈగలు ముట్టుకోలేదు. జిగురూ పెట్టలేదు, పట్టూ కట్టలేదు. తాము నడిచే సందుగా వదిలేశాయి. మూత తేలిగ్గా ఊడొచ్చింది.

అయితే అసలు బెడద అలాగే ఉంది. పట్ల అంచుల్ని పక్క గోడలకి అతికించడం ఈగలు మానలేదు. ఒక పట్టు బయటికి తీయాలంటే కత్తితో గోడ పక్కనే కోయాలి. తేనె కారుతుంది, ఈగలు చస్తాయి, కుట్టడం మొదలుపెడతాయి.

1851 అక్టోబరు 30న సాయంత్రం ఆయన తన తేనెటీగల తోట నుంచి ఇంటికి నడిచొస్తున్నాడు. ఊరి బయట సుమారు రెండు మైళ్ల దూరంలో ఉండేదది. నడుస్తుండగా తట్టింది. మూత దగ్గర ఈగలు గౌరవించిన సందునే పక్కలకి కూడా వదిలితే? బద్దకి బదులు నాలుగు వైపులా చెక్క ఉన్న చట్రాన్ని వేలాడదీసి, ఆ చట్రానికీ గోడకీ మధ్య అంతే ఖాళీ ఉంచితే? పట్టు చట్రంలోనే ఉంటుంది, గోడని తాకదు. చేత్తో పైకి తీయొచ్చు, చూసి మళ్లీ పెట్టొచ్చు. నడివీధిలో కేక పెట్టబోయి ఆపుకున్నాడట. ఇంటికి వెళ్లగానే బొమ్మ గీసి పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు.

అంతే కనిపెట్టింది. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల ఖాళీ. యంత్రం కాదు, మందు కాదు, ఏమీ లేని చోటు. ఇప్పటికీ దాన్ని ఇంగ్లిషువాళ్లు బీ స్పేస్ అంటారు. మనం ఈగల సందు అనుకోవచ్చు. ఆ సందుని ఈగలు లాంగ్‌స్ట్రాత్‌కన్నా ముందు నుంచీ పాటిస్తూనే ఉన్నాయి. చూసినవాళ్లు కూడా ఉండే ఉంటారు. దాని చుట్టూ పెట్టెను కట్టినవాడు ఈయన.

ఫిలడెల్ఫియాలో హెన్రీ బోర్కిన్ అనే వడ్రంగి ఉండేవాడు. అతనికీ తేనెటీగలంటే ఇష్టం. తొలి పెట్టెలు అతని చేతి పనే. 1852 అక్టోబరు 5న పేటెంటు వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. భాషల మధ్య బతికే మనలాంటివాళ్లకి ఇది నచ్చుతుంది. ప్రష్యా పాలనలో ఉన్న సైలీషియాలో యాన్ జీర్జోన్ అనే క్రైస్తవ గురువు ఉండేవాడు. ఇంట్లో పోలిష్ మాట్లాడే కుటుంబం ఆయనది, రాసింది జర్మన్‌లో. రాణి ఈగ మగ ఈగతో కలవకుండా పెట్టిన గుడ్లలోంచి పోతుటీగలు పుడతాయని తేల్చినవాడు ఆయనే. బద్దలతో ఒక మంచి పెట్టె కూడా తయారు చేశాడు. ఇటు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని యార్క్ ప్రాంతంలో తరాల కిందట వచ్చి స్థిరపడిన జర్మన్లు చాలామంది ఉండేవారు. అలాంటి కుటుంబం నుంచి వచ్చిన శామ్యూల్ వాగ్నర్ అనే బ్యాంకు ఉద్యోగి జీర్జోన్ పుస్తకాన్ని ఇంగ్లిషులోకి తర్జుమా చేసి, అచ్చు వేయించే పనిలో ఉన్నాడు. ఇద్దరికీ తెలిసిన ఒక పాస్టరు ద్వారా లాంగ్‌స్ట్రాత్ పెట్టె గురించి విని, వెళ్లి చూశాడు. చూశాక, ఇది జీర్జోన్ పెట్టెకన్నా మెరుగైనదని ఒప్పుకుని తన పుస్తకం అచ్చు మానుకున్నాడు. చేసిన అనువాదమంతా లాంగ్‌స్ట్రాత్‌కి ఇచ్చేశాడు. అంత చాకిరీ చేసి ఇలా పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. వాగ్నర్ ఆ తర్వాత 1861లో అమెరికన్ బీ జర్నల్ అనే పత్రిక మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ వస్తోంది.

1853లో లాంగ్‌స్ట్రాత్ పుస్తకం వచ్చింది. తేనెపెట్టె, తేనెటీగ అన్న పేరుతో, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం రాసింది. అచ్చుకి పంపే ప్రతిని శుభ్రంగా తిరగరాసింది భార్య అన్నా. ఆ పుస్తకంలో ఆయన పట్టుబట్టి చెప్పిన విషయం ఒకటుంది. కడుపునిండా తేనె తాగిన ఈగ తనంతట తాను మనిషి మీద పడి కుట్టదు. అందుకే పెట్టె తెరిచే ముందు కొంచెం పొగ వదలాలి. పొగ తగలగానే ఈగలు కంగారుపడి అరల్లోని తేనె తాగేస్తాయి, ఆ తర్వాత మెత్తబడతాయి. కొందరు పొగకి బదులు పంచదార నీళ్లు చల్లుతారు. చేతులు నిదానంగా కదపాలి. పెట్టెని అదరనివ్వకూడదు. పట్టు మీదికి వంగి ఊపిరి వదలకూడదు. నలిగిన ఒక్క ఈగ వాసన మిగతావాటిని రెచ్చగొడుతుంది. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఇవాళ ఏ శిక్షణలోనైనా మొదటి రోజు చెప్పే మాటలు ఇవే.

పుస్తకం పేరు తెచ్చింది. పేటెంటు మాత్రం డబ్బు తేలేదు, మనశ్శాంతి కూడా తీసేసింది. చట్రాల పెట్టె చేయడం ఏ వడ్రంగికైనా సాధ్యమే. చూసినవాడల్లా చేసుకున్నాడు. కొందరు చిన్న మార్పు చేసి తమదే అని అమ్ముకున్నారు. కోర్టులకి వెళ్లాడు. ఖర్చయింది తప్ప ఒరిగిందేమీ లేదు. 1858లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ ఊరికి మారి, కొడుకు జేమ్స్ తోడుగా కొత్తగా వచ్చిన ఇటలీ జాతి రాణి ఈగల్ని పెంచి అమ్మాడు. ఒక్కో రాణి ఇరవై డాలర్లు. అప్పట్లో అది పెద్ద మొత్తమే. కానీ కొడుకు 1870లో పోయాడు, 1873లో అన్నా పోయింది.

జబ్బు వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడు తేనెటీగల ఊసే పడేది కాదు. ప్రాణంలా చూసుకున్న వాటినే చూడలేకపోయేవాడు. పుస్తకాల బీరువాలో తేనెటీగల పుస్తకాల వీపు మీద ఉన్న పెద్ద అక్షరాలు కనబడకుండా గదిలో అటువైపు వెళ్లి కూర్చునేవాడు. చదరంగం ఎత్తులు వేసుకుంటూ రోజులు గడిపేవాడు. చీకటి తొలగాక మళ్లీ పెట్టెల దగ్గరికి పరుగు. హాబీ ఉంటే దిగులు పోతుందని మనం తేలిగ్గా అనేస్తాం. ఈయన జీవితం చూస్తే ఆ మాట పూర్తిగా నిజం కాదని తెలుస్తుంది. జబ్బుని తేనెటీగలు నయం చేయలేదు. బాగున్న రోజుల్లో చేయడానికి ఒక పని ఇచ్చాయి.

పుస్తకాన్ని కొత్త సంగతులతో తిరగరాయాల్సి వచ్చినప్పుడు ఆయన వల్ల కాలేదు. ఆ పని చార్లెస్ దదాన్, ఆయన కొడుకు చేశారు. దదాన్ ఫ్రాన్సు నుంచి 1863లో, నలభై ఆరేళ్ల వయసులో వలస వచ్చినవాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని వార్తాపత్రిక చదువుతూ ఇంగ్లిషు నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్న ఇంగ్లిషుతో లాంగ్‌స్ట్రాత్ పుస్తకాన్ని 1889లో మళ్లీ వెలువరించాడు. తర్వాత ఫ్రెంచిలోకి కూడా తెచ్చాడు. హ్యూబర్ ఫ్రెంచిలో రాసింది చదివి మొదలైన పని మళ్లీ ఫ్రెంచికి చేరింది.

చివరి రోజులు డేటన్ ఊళ్లో కూతురి దగ్గర గడిచాయి. 1895 అక్టోబరు 6 ఆదివారం. ఎనభై నాలుగేళ్ల వయసులో, అక్కడి చర్చిలో ప్రసంగం చేయడానికి సిద్ధమై, మొదలుపెడుతూనే ఒరిగిపోయాడు.

ఆయన పెట్టె మన దేశానికి వచ్చింది గానీ మన ఈగకి సరిపడలేదు. యూరప్ ఈగకన్నా మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే ఈగ చిన్నది, దాని కుటుంబమూ చిన్నదే. 1911 తర్వాత తిరుచ్చి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ అనే గురువు మన ఈగ కొలతలకి తగ్గట్టు చిన్న పెట్టె తయారుచేసి, పల్లెటూరివాళ్లకి తేనెటీగల పెంపకం నేర్పించారు. దక్షిణాదిలో న్యూటన్ పెట్టె అని ఇప్పటికీ వాడుతున్నది అదే. పెట్టె చిన్నదైంది, సూత్రం మాత్రం ఆ సందుదే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి నా సలహా లాంగ్‌స్ట్రాత్ మొదటి సాయంత్రం చేసినట్టు చేయొద్దనే. అంటే చూసిన రోజే కొనేయొద్దు. ముందు దగ్గర్లో పెంచేవాళ్ల దగ్గర నాలుగైదు సార్లు పెట్టె తెరిచేటప్పుడు పక్కన నిలబడండి. మహారాష్ట్రలో ఉన్నవాళ్లకి పుణెలో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. కొనేటప్పుడు మాత్రం ఆయనలాగే రెండు పెట్టెలు కొనండి. ఒకదానిలో తేడా వస్తే రెండోదానితో పోల్చి చూడొచ్చు. పెట్టెని పిల్లలు ఆడుకునే చోటికి, నడిచే దారికి దూరంగా, కొంచెం నీడలో, దగ్గర్లో నీళ్లుండేలా పెట్టాలి. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచితే చీమలు ఎక్కవు. ముఖానికి వల లేకుండా ఎవరూ పెట్టె తెరవకూడదు. ఒక్క ఈగ కుట్టినా ఊపిరాడక ఒళ్లంతా దద్దుర్లు లేచే మనుషులుంటారు. అలాంటివాళ్లని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బడిలో పెట్టాలనుకుంటే తల్లిదండ్రులతో ఈ మాట ముందే తేల్చుకోవాలి.

ఈగలు వచ్చేలోపు ఖాళీ పెట్టె ఒకటి తరగతి గదిలో బల్ల మీద పెట్టండి. పిల్లల చేతికి స్కేలు ఇచ్చి, చట్రానికీ గోడకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలవమనండి. అలా కొలుస్తూ ఎవరైనా మోకాళ్ల మీద కూర్చుండిపోతే, బట్టలు మాసిపోతాయని లేపకండి.